నారాయణ సింగ్ ఎన్నిసార్లు చనిపోయాడు?

రాయపూర్ స్కూళ్ళలో డిసెంబరు వచ్చిందంటే వీర్ నారాయణ సింగ్ మీద ప్రాజెక్టు వస్తుంది. ఆ మధ్య మా కాలనీలో ఒకే స్కూల్లో అయిదో క్లాసు చదివే ఇద్దరు పిల్లలు ఆ ప్రాజెక్టు చేశారు. ఒకడి చార్టులో నారాయణ సింగ్‌ని 1857 డిసెంబరు 10న ఉరి తీశారు. రెండో వాడి చార్టులో అదే తేదీన ఫిరంగికి కట్టి పేల్చేశారు. ఇద్దరికీ పదికి పది! ఇద్దరి చార్టుల మీదా ఒకే టీచరు, ఒకే ఎర్ర సిరాతో "వెరీ గుడ్" అని రాసింది.

ఒక మనిషి ఒకే రోజున రెండు రకాలుగా చనిపోడు కదా? ఈ మాట ఇద్దరి తల్లిదండ్రుల్నీ అడిగాను. "మార్కులొచ్చాయి కదండీ" అన్నాడు ఒకాయన. రెండో ఆయన ఇంకా నిజాయితీపరుడు. "నేను చదవలేదండీ, మా ఆవిడ అంటించింది" అన్నాడు.

తెలుగునాట ఉన్నవాళ్ళకి నారాయణ సింగ్ పేరు తెలియకపోవచ్చు. ఈయన సోనాఖాన్ జమీందారు, గిరిజనుడు. 1856లో కరువొచ్చినప్పుడు కస్డోల్‌లో ఒక వర్తకుడు కొట్లలో ధాన్యం దాచుకుంటే, ఆ కొట్లు తెరిపించి జనానికి పంచాడు. ఇంగ్లీషు వాళ్ళు పట్టుకుని రాయపూర్ జైల్లో పెట్టారు. 1857లో జైలు నుంచి తప్పించుకుపోయి, మనుషుల్ని కూడగట్టి పోరాడి, మళ్ళీ దొరికాడు. డిసెంబరు 10న చంపేశారు. ఈ ఊరి జయస్తంభ్ చౌక్‌లోనే చంపారని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఊళ్ళో క్రికెట్ స్టేడియానికి ఆయన పేరే. 2025 నవంబరు 1న నవా రాయపూర్‌లో ఆయన పేరుతో గిరిజన స్వాతంత్ర్య యోధుల మ్యూజియం కూడా తెరిచారు. ఇంత పేరున్న మనిషి ఎలా చనిపోయాడో ఆ క్లాసులో ఎవరికీ పట్టలేదు!

అసలు ఆ ఫిరంగి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? 1987లో భారత ప్రభుత్వం నారాయణ సింగ్ పేరున 60 పైసల తపాలా బిళ్ళ వేసింది. దాని మీద బొమ్మలో ఆయన్ని ఫిరంగి ముందు కట్టేసి ఉంటారు. ఆ బొమ్మ చూసినవాళ్ళు ఏమనుకుంటారు? ఫిరంగితో పేల్చారనుకుంటారు. అప్పటి ఇంగ్లీషు అధికారుల ఉత్తరాలు చూసి రాసిన చరిత్రకారులు మాత్రం ఉరి అనే రాశారు. 1857లో తిరగబడ్డ సిపాయిల్ని చాలాచోట్ల ఫిరంగులకి కట్టి పేల్చిన మాట నిజమే. అందుకని ఆ బొమ్మ నమ్మశక్యంగానే ఉంటుంది. కానీ అది మనిషి పోయిన 130 ఏళ్ళకి ఎవరో చిత్రకారుడు వేసిన బొమ్మ. ఎదురుగా నిలబడి చూసి వేసింది కాదు. ఈ సంగతి పదేళ్ళ పిల్లకి చెప్తే అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. నేను చెప్పి చూశాను. "అయితే ఆ బొమ్మ వేసినాయనకి ఎవరు చెప్పారు?" అని వెంటనే అడిగింది. ఆ ప్రశ్న అడగడమే చరిత్ర చదవడమంటే! చార్టు పేపరు, మెరుపు కాగితం, థర్మాకోల్ ముక్కలు... ఇవన్నీ కొట్టువాడి సంపాదన.

కొట్టువాడంటే గుర్తొచ్చింది. మా కాలనీ మలుపులో ఉన్న స్టేషనరీ దుకాణంలో "ఫ్రీడమ్ ఫైటర్ ప్రాజెక్టు" అని అడిగితే చాలు. ప్రింటౌటు, నాలుగు బొమ్మలు, అట్ట, అన్నీ కలిపి కవర్లో పెట్టి ఇస్తాడు. ఇప్పుడు ఆ కవరూ అక్కర్లేదు. ఫోన్లో చాట్‌బాట్‌ని అడిగితే ఒక్క నిమిషంలో రాసి ఇస్తుంది, చివర్లో "నేను ఈ ప్రాజెక్టు వల్ల ఎంతో నేర్చుకున్నాను" అన్న వాక్యంతో సహా. ఎవరు నేర్చుకున్నారు? ఏం నేర్చుకున్నారు? ఆ వాక్యం కింద సంతకం మాత్రం పదేళ్ళ పిల్లది.

నాది బీకాం. ఉద్యోగం డిఫెన్స్ అకౌంట్స్‌లో. బిల్లు వెనక ఓచరు ఉందా, ఓచరు మీద సంతకం ఎవరిది, ఆ సంతకం పెట్టే అధికారం అతనికి ఉందా, అని చూడటంతోనే నా సర్వీసంతా గడిచింది. కాబట్టి చరిత్ర గురించి మాట్లాడే అర్హత మీకేముంది అని ఎవరైనా అడిగితే, చరిత్ర నాకు రాదు అనే చెప్తాను. కానీ ఓచరు లేని బిల్లు పాస్ చెయ్యకూడదని మాత్రం తెలుసు. మన స్కూళ్ళు ఈ పిల్లల చేత చేయిస్తున్నది అదే. ఓచరు లేని బిల్లు రాయించి, అక్షరం గుండ్రంగా ఉందని పాస్ చేస్తున్నారు. ఆఫీసులో ఈ పని చేసినవాడికి మెమో ఇస్తాం. స్కూల్లో స్టార్ ఇస్తారు.

"చిన్నపిల్లలు కదండీ, వాళ్ళకి ఆధారాలూ అవీ ఏం తెలుస్తాయి?" ఇది టీచర్లూ తల్లిదండ్రులూ అందరూ అనే మాట. నేను ఒప్పుకోను. సందులో క్రికెట్ ఆడే పిల్లల్ని చూడండి. బంతి బ్యాటుకి తగిలిందా లేదా అన్న తగువులో ఎన్ని రకాల సాక్ష్యాలు తెస్తారు! "నువ్వు అటువైపు తిరిగి ఉన్నావు, నీకెలా కనిపించింది?" "వాడు మీ టీమువాడు, వాడి మాట చెల్లదు." "శబ్దం నేనూ విన్నాను." సాక్షి ఎక్కడున్నాడు, అతనికి స్వార్థం ఉందా, ఇంకొకరు కూడా అదే చెప్తున్నారా? కోర్టుల్లో అడిగేవీ ఇవే. తెలివి పిల్లల దగ్గర పుష్కలంగా ఉంది. ప్రాజెక్టు అనగానే దాన్ని గుమ్మం బయట వదిలి రమ్మంటున్నది మనం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆదివారాలు కొంతమంది పిల్లలు మా ఇంటికి వస్తారు. అందులో ఒక పాప నాలుగో క్లాసు. మూడు తరాల కింద విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. స్కూల్లో "మా కుటుంబం ఈ ఊరికి ఎలా వచ్చింది" అని ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. మంచి ప్రశ్నే. ఆ ప్రశ్న ఇచ్చిన టీచర్ని మెచ్చుకోవాలి.

పాప వాళ్ళ మామ్మని అడిగింది. "మా మామగారు 1928లో పార్వతీపురంలో రైలెక్కి తిన్నగా రాయపూర్‌లో దిగారు" అని ఆవిడ చెప్పింది. పాప రాసుకుంది. నేను చెయ్యమన్నది ఒక్కటే పని. ప్రతి వాక్యం పక్కన "ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు?" అని గీత గీసి రాయమన్నాను. "మామ్మ చెప్పింది. మామ్మకి తాతగారు చెప్పారు" అని రాసింది. తర్వాత వాళ్ళ నాన్న చేత రైలు లైను ఎప్పుడు వేశారో చూపించుకుంది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళ లైను పూర్తయింది 1931లో.

"తాతగారూ, 1928లో పట్టాలే లేవు కదా, మామ్మవాళ్ళ మామగారు రైలెలా ఎక్కారు?"

(సర్వీసులో ఎన్ని టి.ఏ. బిల్లుల్లో లేని రైలెక్కిన ఆఫీసర్లని పట్టుకున్నానో! ఆ ఆనందం వేరు. కానీ ఇక్కడ నేను నోరు విప్పలేదు. పట్టుకున్నది ఆ పిల్ల.)

మామ్మగారికి కోపం వస్తుందేమో అనుకున్నాం. రాలేదు. ఆలోచించి, "సంవత్సరం తప్పేమో అమ్మా. రైలు మాత్రం నిజం, ఆయన ఎన్నిసార్లు చెప్పేవారో" అంది. పాప మూడు దారులు రాసింది. సంవత్సరం తప్పయి ఉండొచ్చు, 1931 తర్వాత వచ్చి ఉండొచ్చు. లేదా 1928లోనే వచ్చి, ఖరగ్‌పూర్ మీదుగా చుట్టూ తిరిగి వేరే రైళ్ళలో వచ్చి ఉండొచ్చు. లేదా పట్టాలున్నంత మేర రైల్లో, తర్వాత బండిలో వచ్చి ఉండొచ్చు. చివర్లో "వీటిలో ఏది నిజమో నాకు తెలియలేదు. తాతగారి రైల్వే కాయితాలు దొరికితే తెలుస్తుంది" అని రాసింది. తొమ్మిదేళ్ళ పిల్ల! నా సర్వీసులో ఇంత శుభ్రమైన ఆడిట్ నోటు రాసిన గుమాస్తాలు చాలా తక్కువమంది.

స్కూలేం చేసిందో వినండి. పదికి నాలుగు. పక్కన ఒక మాట: "కచ్చితమైన సంవత్సరం రాయాలి. అనుమానాలు రాయకూడదు." పాప ఇంటికొచ్చి ఏడ్చింది. వాళ్ళమ్మ నా మీద కోప్పడింది, మర్యాదగానే. "మీరు చెప్పినట్టు రాస్తే మార్కులు పోయాయి అంకుల్. ఈసారి నేనే చూసుకుంటాను." ఆవిడ తప్పు లేదు. తెలియనిది తెలియదని రాస్తే నాలుగు, తెలిసినట్టు రాస్తే పది అని స్కూలు రేటు కట్టేసింది. ఏ తల్లి అయినా పదే కోరుకుంటుంది.

ఆ పాప ఇక ఎప్పుడూ "తెలియలేదు" అని రాయకపోవచ్చు. నాలుగో క్లాసులో మొదలైన ఈ అలవాటు ఎక్కడ ఆగుతుంది? ఫోన్లో వచ్చిన ప్రతి మెసేజీ పంపించేసే పెద్దవాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడ్డారా? వాళ్ళందరూ ఒకప్పుడు కచ్చితమైన సంవత్సరం రాసి పదికి పది తెచ్చుకున్నవాళ్ళే.

ఇంతవరకూ చదివి మన హేతువాద మిత్రులు సంతోషిస్తుంటారు. మీతోనూ ఒక మాట ఉంది. రాయపూర్‌కి దగ్గర్లో చంద్‌ఖురి అనే ఊరుంది. కౌసల్య పుట్టినిల్లు అదేనని ఇక్కడి నమ్మకం. చెరువు మధ్యలో ఆవిడ గుడి. 2021లో ప్రభుత్వం దాన్ని బ్రహ్మాండంగా బాగుచేయించింది. "మా జిల్లా చరిత్ర" అని రాయమంటే సగంమంది పిల్లలు అక్కణ్ణుంచే మొదలుపెడతారు. మన సంఘం మిత్రుడొకాయన ఒక పిల్లవాడికి సాయం చేస్తూ, "ఇదంతా కట్టుకథ, రామాయణం జరగలేదు" అని రాయించబోయాడు. నేను అడ్డం పడ్డాను. ఆ పిల్లవాడికి అది కూడా ఇంకొకడు ఇచ్చిన ప్రింటౌటే కదా! ఆ వాక్యం పక్కన "ఎవరు చెప్పారు?" అని రాయాల్సొస్తే "అంకుల్ చెప్పాడు" అని రాయాలి. "కౌసల్య ఇక్కడ పుట్టింది" అనడానికీ దీనికీ ఓచరు విషయంలో తేడా ఏమిటి?

పిల్లవాడు చెయ్యగలిగిన పని వేరే ఉంది. "కౌసల్య ఇక్కడ పుట్టిందని జనం నమ్ముతారు" అని రాయొచ్చు. అది నిజం, వాడు వెళ్ళి నలుగుర్ని అడిగి రాయగలడు. "2021లో గుడిని బాగుచేయించారు" అని రాయొచ్చు. దానికి పేపరు కటింగు దొరుకుతుంది. మిగిలింది ఖాళీ వదలొచ్చు. ఆ ఖాళీని వాడు పెద్దయ్యాక వాడే పూరించుకుంటాడు. మనం తొందరపడి పూరించక్కర్లేదు. ఇలా అన్నందుకు ఆ మిత్రుడు నన్ను "మెత్తని హేతువాది" అన్నాడు. సరే, అననివ్వండి.

మరి ఆధారాలెక్కడ దొరుకుతాయి అంటారా? ఊరి నడిబొడ్డున మహంత్ ఘాసీదాస్ మ్యూజియం ఉంది. 1875లో రాజనాంద్‌గావ్ రాజు పెట్టించాడు, దేశంలో పాత మ్యూజియంలలో ఒకటి. అందులో సిర్పూర్ లక్ష్మణ దేవాలయం దగ్గర దొరికిన శాసనం ఉంది. మహాశివగుప్త బాలార్జునుడి తల్లి వాసట, చనిపోయిన భర్త హర్షగుప్తుడి జ్ఞాపకంగా ఆ గుడి కట్టించిందని ఆ రాయే చెబుతుంది. పదమూడు పద్నాలుగు వందల ఏళ్ళ నాటి రాయి! తెలుగువాళ్ళకి శాసనాలు చూసి చరిత్ర రాయడం అలవాటు చేసినవాళ్ళలో ఒకడైన కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకున్నది కూడా ఈ పక్కనే, నాగపూర్‌లో. ఆ సిర్పూర్‌కే ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ వచ్చాడని ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటుంది. ఆయన కోసల రాజధానికి వెళ్ళానని రాశాడు, అది సిర్పూరే అయి ఉంటుందని పండితులు ఊహించారు. ఈ "అయి ఉంటుంది" అన్న మాట ప్రింటౌటులో ఎప్పుడూ ఉండదు. ఛత్తీస్‌గఢ్ అన్న పేరూ అంతే. 36 కోటల వల్ల వచ్చిందని పిల్లలందరూ రాస్తారు, శివనాథ్ నదికి అటు 18, ఇటు 18. అది చేదీశగఢ్ నుంచి వచ్చిందని ఇంకో వాదన ఉందని ఎవరూ చెప్పరు.

ఇదేమీ కొత్తగా నేను కనిపెట్టింది కాదు. రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజుల్లోనే, 1980లలో, ఏకలవ్య అనే సంస్థ ఆ రాష్ట్రంలో కొన్ని ప్రభుత్వ మిడిల్ స్కూళ్ళలో సాంఘిక శాస్త్రం ఇలా నేర్పింది. పుస్తకం ముందు పెట్టుకుని రాసే పరీక్ష పెట్టారు, బట్టీకి చోటు లేకుండా. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. పిల్లలకి అర్థం కాలేదని మాత్రం కాదు.

స్కూలుకి ఉత్తరం రాశాను. అడిగింది చిన్న విషయం. ప్రాజెక్టు మార్కులు పదిలో అయిదు, "ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు" అన్న వరసకి ఇవ్వమన్నాను. పేజీ ఒక్కటే చాలని, అట్టలూ బొమ్మలూ వద్దని, "తెలియలేదు" అని రాసినందుకు మార్కు తియ్యొద్దని రాశాను. జవాబు రాలేదు. రిమైండర్ వేశాను. అది నాకు అలవాటే, రిటైరయ్యేదాకా వేస్తూనే ఉన్నాను.

డిసెంబరు 10 మళ్ళీ వస్తుంది, నారాయణ సింగ్ ప్రాజెక్టూ వస్తుంది. రాయపూర్‌లో ఉన్న తెలుగువాళ్ళకి చెప్తున్నాను. దుకాణానికి వెళ్ళకండి. ముందు ఆదివారం పొద్దున మీ పిల్లల్ని మ్యూజియం గేటు దగ్గరికి పంపండి. ఒక పెన్సిలు, ఒక నోటుబుక్కు చాలు. 60 పైసల బిళ్ళ బొమ్మ నేను తెస్తాను. మార్కులు తగ్గితే నన్ను తిట్టండి. కోప్పడిన ఆ తల్లి కూడా పాపని పంపుతానంది. మామ్మగారి ట్రంకుపెట్టెలో పాత రైల్వే కాయితమేదో దొరికిందట.