ప్లాన్‌కి ఊరు తెలీదు

సెమ్ ఎగ్జామ్స్ అయిపోయి ఊరికి బయల్దేరినప్పుడు నా బ్యాగులో మూడు జతల బట్టలు, ఒక జత రన్నింగ్ షూస్ ఉన్నాయి. ఫోన్‌లో 16 వారాల ట్రైనింగ్ ప్లాన్ ఉంది. ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ జరుగుతుంది కదా, పోయినేడు అందులో హాఫ్ చేశా. ఈసారి ఫుల్, అంటే 42.195 కిలోమీటర్లు, పరిగెత్తాలని ఆశ. ఆగస్టు చివర నుంచి వెనక్కి 16 వారాలు లెక్కేస్తే మే మొదట్లో పడుతుంది. అంటే ట్రైనింగ్ మొదలయ్యేదే సెలవుల్లో, అదీ నల్గొండ జిల్లా ఎండల్లో.

మా హాస్టల్‌లో దీని మీద రెండు పార్టీలున్నాయి. మొదటి పార్టీ వాళ్ళు "హాలిడేస్ అంటే హాలిడేసే రా, వదిలెయ్" అంటారు. రెండో పార్టీ వాళ్ళు "ఒక్క రోజు మిస్సయినా స్ట్రీక్ పోతుంది, ఎక్కడున్నా ప్లాన్ ప్రకారం పరిగెత్తాల్సిందే" అంటారు. నేను రెండో పార్టీలో లీడర్ లాంటోణ్ణి. ఇప్పుడు ఆ పార్టీకి రాజీనామా చేశా. అలాగని మొదటి పార్టీలో చేరలేదు. ఎందుకో చెప్తా.

మా ఊరు కేతేపల్లి. విజయవాడ వైపు బస్సులో వెళ్ళేవాళ్ళు చూసే ఉంటారు, నకిరేకల్ దాటాక, సూర్యాపేట రాకముందు, ఎన్‌హెచ్ 65 మీద ఉంటుంది. కొర్లపహాడ్ టోల్‌గేట్ మా మండలంలోదే. మొదటి రోజు తెలివితక్కువగా ఆ హైవే పక్కనే పరిగెత్తా. రెండు కిలోమీటర్లకే బుద్ధొచ్చింది. లారీ పక్కనుంచి పోతుంటే ఆ గాలికే మనిషి పక్కకి తూలిపోతాడు. రెండో రోజు నుంచి కాలువ గట్టుకి మారా. హైదరాబాద్‌లో మనం ముక్కు మూసుకుని దాటే మూసీయే ఇక్కడ ప్రాజెక్టులో ఆగి, కాలువల్లో పారి, మా తాత పొలానికి నీళ్ళవుతుంది. ఇన్నేళ్ళు సెలవులకి వచ్చిపోతున్నా ఆ గట్టు ఎంత పొడుగో, ఎటు తిరుగుతుందో పరుగు వల్లే తెలిసింది.

మొదటి వారం నా పేస్ చూసి ఏడుపొచ్చింది. క్యాంపస్‌లో కిలోమీటర్ ఆరు నిమిషాల్లో అయ్యేది, ఇక్కడ దాదాపు ఏడు నిమిషాలు. ఫిట్‌నెస్ పోయిందనుకున్నా. నిజానికి పోలేదు, వేడికి శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ టైమ్‌లో రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది. అప్పటిదాకా పేస్ తగ్గడం మామూలే. దాన్ని సరిచేయాలని ఇంకా గట్టిగా పరిగెత్తితే వడదెబ్బే. నాలుగున్నరకి లేచి, ఆరున్నర కల్లా ఇంట్లో ఉండటం నేర్చుకున్నా. రాగానే నాయనమ్మ ఉప్పేసిన సల్ల చెంబు చేతికిచ్చి రోజూ అదే ప్రశ్న: "ఎవలు తరుముతున్నరని గట్ల ఉరుకుతున్నవ్ బిడ్డా?"

ఊళ్ళో పరిగెత్తేది నేనొక్కణ్ణే అనుకున్నా. అదీ తప్పే. తెల్లారకముందే స్కూల్ గ్రౌండ్‌లో ఏడెనిమిది మంది ఉంటారు, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు. పోయిన నోటిఫికేషన్‌లో మగవాళ్ళకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలి. లెక్కేస్తే కిలోమీటర్ నాలుగున్నర నిమిషాలు. నా పేస్ వాళ్ళకి వార్మప్. కొందరికి షూస్ కూడా లేవు. వాచీ ఒక్కటే ఉంది, ఒకడు టైమ్ అరుస్తుంటే మిగతావాళ్ళు ఉరుకుతారు. నా ప్లాన్‌లో ఇంటర్వెల్స్ ఉన్న రోజు వాళ్ళతో కలిసి చేశా. వాళ్ళకి పరుగంటే ఉద్యోగం. నేను "మెడల్ కోసం" అంటే నవ్వారు, కానీ మర్నాడు రమ్మని పిలిచారు.

ఇక్కడిదాకా అంతా బాగుంది. అసలు విషయం రెండో వారంలో జరిగింది.

ఆ రోజు 8 కిలోమీటర్ల టెంపో రన్. పొద్దున లేవలేకపోయా, సాయంత్రానికి మార్చుకున్నా. షూస్ కట్టుకుంటుంటే తాత పైకి చూసి, "మబ్బు బట్టింది, వడ్ల కాడికి రారాదురా" అన్నాడు. "గంటలో వచ్చేస్తా తాతా" అన్నా. ఆయన ఇంకేం అనలేదు.

తాత వడ్లు పది రోజులుగా కొనుగోలు కేంద్రం దగ్గర కుప్ప పోసి ఉన్నాయి. తేమ 17 శాతం దాటితే కాంటా వెయ్యరు. ఆ పొద్దునే మీటర్ పెట్టి చూస్తే 16 వచ్చింది, తెల్లారితే కాంటా. నేను గట్టు మీద నాలుగో కిలోమీటర్‌లో ఉండగా గాలిదుమారం లేచింది, వెనకే వాన. తిరిగి పరిగెత్తా, నా జీవితంలో అంత స్పీడ్‌గా ఎప్పుడూ పరిగెత్తలేదు. నేను పోయేసరికి పట్టా రెండు మూలల మీద రాళ్ళున్నాయి, మిగతా రెండు మూలలు తాతా నాయనమ్మా పట్టుకుని తడుస్తూ నిలబడ్డారు. పక్క కుప్పల వాళ్ళు ఎవరి వడ్లతో వాళ్ళు కొట్టుకుంటున్నారు. మా కుప్ప సగం తడిసిపోయింది.

తాత తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఇంట్లో అందరికంటే స్టామినా ఉన్నది నాకే, అది కావాల్సిన గంటలో నేను దాన్ని గట్టు మీద వాడుకున్నా.

తర్వాత నాలుగు రోజులు వడ్లు ఆరబోసి, గంటకోసారి కాళ్ళతో సాళ్ళు తీస్తూ తిరగేశాం. యాప్‌లో నాలుగు గళ్ళు ఎర్రగా మారాయి. నాలుగో రోజు సాయంత్రం తేమ మళ్ళీ 17 లోపుకి వచ్చింది, కాంటా అయింది. ఐదో రోజు 10 కిలోమీటర్లు పరిగెత్తా. మొదటి రెండు కిలోమీటర్లు కాళ్ళు బరువుగా అనిపించాయి, తర్వాత మామూలే. నేను భయపడినట్టు ఏమీ పోలేదు. నాలుగైదు రోజులు ఆపితే ఫిట్‌నెస్ ఎక్కడికీ పోదు. రెండు మూడు వారాలు పూర్తిగా మానేస్తేనే వీఓటూ మ్యాక్స్ గట్టిగా తగ్గుతుంది. వారానికి మూడు పరుగులు, అందులో ఒకటి కాస్త స్పీడ్‌గా ఉంటే చాలావరకు నిలబడుతుంది. అందుకే "వదిలెయ్" పార్టీ కూడా నాకు నచ్చదు. సెలవులన్నీ వదిలేస్తే ఆగస్టులో మోకాళ్ళు సమాధానం చెప్తాయి.

నా అభిప్రాయం ఇదీ. యాప్ ప్లాన్ అంటే హార్డ్‌కోడ్ చేసిన ప్రోగ్రామ్. దానికి మబ్బు తెలీదు, తాత తెలీదు. ఇంట్లో మనం గెస్ట్‌లం కాదు కాబట్టి ఆ ఇన్‌పుట్స్ మనమే ఇవ్వాలి. సెలవుల్లో రోజు లెక్క కాకుండా వారం లెక్క పెట్టుకోండి, ఒకటి లాంగ్, ఒకటి ఫాస్ట్, ఒకటి ఈజీ. పొద్దున మిస్సయితే మిస్సయినట్టే, సాయంత్రానికి తోయొద్దు. రాత్రి యాప్ తెరిచే ముందు "రేపు ఏం పనుంది?" అని ఇంట్లో అడగండి. ఇది త్యాగమేమీ కాదు. రెండు ఒలింపిక్ మారథాన్లు గెలిచిన ఎలియుడ్ కిప్చోగె కెన్యాలో కాప్టగాట్ క్యాంప్‌లో మిగతావాళ్ళతో పాటు వంతులేసుకుని టాయిలెట్లు కడిగేవాడు. ఆయన ట్రైనింగ్‌కి అది అడ్డం రాలేదు, నాకు వడ్లు తిరగేయడం అడ్డం వస్తుందా?

ఆ ఎర్ర గళ్ళు ఇంకా యాప్‌లో అలాగే ఉన్నాయి, తీసెయ్యలేదు. మొన్న నాయనమ్మ ఫోన్ చేసి "నీ ఉరుకుడు ఎప్పుడురా?" అని అడిగింది. ఆగస్టు ఆఖరున అని చెప్పా. కాసేపు లెక్కేసుకుని, "అప్పటికి నాట్లు అయిపోతయ్ తియ్, మంచిగ ఉరుకు" అంది.