జవాబు రాకపోతే సొమ్ము పోయినట్టు కాదు



ఈమధ్య చాలా ఇళ్లలో పెళ్లి ఫొటోలు, తాతగారి ఉత్తరాల నకళ్లు, ఇంటి దస్తావేజులు ‘నాస్’ అనే చిన్న పెట్టెలో దాచుకుంటున్నారు. లోపల హార్డ్ డిస్కులుంటాయి. రౌటరుకు కలిపితే ఇంట్లో ఏ కంప్యూటరు నుంచైనా తెరుచుకోవచ్చు. ఒకనాడు తెరవబోతే ‘కనెక్షన్ టైమౌట్’ అంటుంది. ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమంటుంది.

బ్యాంకు భాషలో చెబుతాను. చెక్కు తిరిగి రావడం వేరు, రాసిన ఉత్తరానికి జవాబు రాకపోవడం వేరు. ‘రెఫ్యూజ్డ్’ అంటే సాధారణంగా పెట్టె మేలుకునే ఉంది, మనకు కావలసిన కౌంటరు మూసి ఉందన్నమాట. ‘టైమౌట్’ అంటే గడువులోగా జవాబు అందలేదని మాత్రమే. సొమ్ము పోయిందని కాదు. కనుక కంగారుపడి రీసెట్, ఫార్మాట్ జోలికి వెళ్లకండి. వరుసగా చూడండి.

మొదట తీగ. గిగాబిట్ వేగానికి కేబులులోని 8 తీగలూ బాగుండాలి. వేరే కేబులు పెట్టి చూడండి. వైఫై వాడుతుంటే ఒకసారి తీగతో కలిపి చూడండి.

రెండోది చిరునామా. కరెంటు పోయి వచ్చాక రౌటరు ఆ పెట్టెకు కొత్త ఐపీ చిరునామా ఇచ్చి ఉండవచ్చు. అప్పుడు మనం ఖాళీ చేసిన ఇంటి తలుపు తడుతున్నట్టే. రౌటరులో దానికి ఒకే చిరునామా ఖాయం చేయండి.

మూడోది ‘పింగ్’. దానికి జవాబు వస్తున్నా ఫైళ్లు తెరుచుకోకపోతే, విండోస్ ఫైళ్ల పంపకానికి వాడే 445 పోర్టును ఫైర్‌వాల్ అడ్డుకుంటోందేమో చూడాలి. చిన్నవి వచ్చి పెద్దవి మధ్యలో ఆగితే ప్యాకెట్ పరిమాణం చూడండి. ఒకచోట 9000 బైట్లు, మరొకచోట 1500 ఉంటే పేచీ వస్తుంది. ఇంట్లో అంతటా 1500 చాలు.

నాలుగోది నిద్ర. వాడనప్పుడు డిస్కు తిరగడం ఆపుతుంది, లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మొదటిసారి విఫలమై రెండోసారి తెరుచుకుంటే కారణం బహుశా ఇదే. కానీ టకటక చప్పుడు వస్తుంటే అది నిద్ర కాదు, జబ్బు. ముఖ్యమైనవి వెంటనే వేరేచోటికి ఎక్కించండి.

చివరిగా ఒక మాట. పెట్టెలో రెండు డిస్కులు ఒకదానికొకటి నకలుగా ఉన్నా అది బ్యాకప్ కాదు. ఒకదానిలో చెరిపితే రెండోదానిలోనూ చెరుగుతుంది. అన్నయ్య బరంపురంలో, చెల్లెలు బెంగళూరులో ఉన్నారా? ఒక ప్రతి అక్కడా ఉంచండి. సంవత్సరానికోసారి తెరిచి చూడమనండి. తెరిచి చూడని లాకరు మీద భరోసా పెట్టుకోలేం కదా!