కమాన్లు ఎక్కించే ముందు

వానలు మొదలయ్యాక మన సంఘం సమావేశాల్లో ఎరువులు, పంట రుణాల తర్వాత ఎక్కువగా వినపడేది దారుల గురించిన మాటే. ఈ మధ్య ఒక మండల సమావేశం ముగిశాక ఒక సభ్యుడు పక్కకు పిలిచి అడిగాడు: "మద్దతు ధర గురించి నెలనెలా రాస్తున్నారు, బాగానే ఉంది. మా పాత పికప్ డొంకలో దిగితే పొట్ట ఆనుతోంది. కమాన్లు ఎక్కించి నాలుగు అంగుళాలు లేపుతానని మెకానిక్కు అంటున్నాడు. లేపించమంటారా, వద్దంటారా? ముందు అది చెప్పండి."

అడగాల్సిన ప్రశ్నే. టాటా ఏస్ 2005లో వచ్చింది. ఆ చిన్న ట్రక్కులు, వాటితోపాటు బొలెరో పికప్‌లు పల్లెల్లోకి వచ్చాక ఎడ్లబండి చేసిన పని చాలావరకు వాటి మీద పడింది. చాలామంది రైతులు కొన్నది చేతులు మారిన బండే. పదేళ్లు, పన్నెండేళ్లు లోడు మోసిన బండి కమాన్లు కూర్చుంటాయి. ఇంకోపక్క ట్రాక్టర్ల చక్రాలకు డొంకలో గాడులు లోతవుతాయి. బండి కిందికి, గాడి లోతుకు. మధ్యలో నలిగేది రైతు. అందుకే ఈ నెల సంపాదకీయంలో ఆ ప్రశ్నకే జవాబు చెప్పదలిచాం.

మెకానిక్కు దగ్గరకు వెళ్లే ముందు బండి కింద పడుకుని చూడండి. ఏది నేలకు తగులుతోంది? గీతలు ఎక్కడ పడ్డాయి? సైలెన్సరు, డీజిల్ ట్యాంకు, స్టెప్నీ, వెనుక బంపరు తగులుతుంటే బండి లేపడం వల్ల కొంత ఉపయోగం ఉంటుంది. వెనుక యాక్సిల్ మధ్యలో బుర్రలా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ తగులుతుంటే మాత్రం కమాన్లు ఎంత లేపినా పైసా ప్రయోజనం లేదు. కమాన్లు యాక్సిల్ మీద కూర్చుంటాయి. అవి లేపేది పైనున్న ఛాసిస్‌ను, బాడీని. యాక్సిల్ చక్రాలతోనే ఉంటుంది, గాడి మధ్య గట్టుకు ఇంతకుముందు ఎంత ఎత్తులో ఆనిందో అంతే ఎత్తులో ఆనుతుంది. యాక్సిల్ ఎత్తు పెరగాలంటే టైరే పెద్దది కావాలి. అదీ రెండు అంగుళాలు ఎత్తైన టైరు వేస్తే పెరిగేది ఒక్క అంగుళమే. పైగా పెద్ద టైరుకు ఇంజన్ లాగుడు తగ్గుతుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది, స్పీడు మీటరు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక వేల రూపాయలు పోసి బండి లేపించి, మరుసటి వానకు అదే గాడిలో అదే చోట ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

రెండో పని కొలత. సమతలంగా ఉన్న చోట ఖాళీ బండిని ఆపి, చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలవండి. అదే మోడలు, తక్కువ వాడిన బండి ఊళ్లో ఎవరిదైనా ఉంటే దాన్నీ కొలవండి. అంగుళమో రెండంగుళాలో తేడా వస్తే మీ బండికి కావాల్సింది లేపడం కాదు, పోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడం. చాలా పాత బండ్ల సమస్య ఇదే. ఎడమకు కుడికి తేడా ఉంటే ఒకవైపు పట్టీ విరిగిందో, బుష్ అరిగిందో, సెంటర్ బోల్టు తెగిందో చూడాలి. కమాన్ల కొక్కేలు బిగించిన చోట ఛాసిస్ తుప్పు పట్టి ఉంటే మాత్రం మిగతావన్నీ పక్కనపెట్టి ముందు అది బాగుచేయించాలి. పుచ్చిన దూలానికి కొత్త పెంకు వేసి లాభం లేదు.

ఇక ఎత్తు తెచ్చే పద్ధతులు. కంపెనీ కొలతకు సరిపోయే కొత్త కమాన్ల సెట్టు వేయించడం అన్నిటికంటే నమ్మకమైనది. ఖర్చు ఎక్కువే కానీ మళ్లీ కొన్నేళ్లు చూసుకోనక్కర్లేదు. పాత పట్టీలనే కాల్చి వంపు తీయించడం చౌక. ఆ పని తెలిసిన కమాన్ షాపులో, సరిగ్గా పదును పెట్టిస్తేనే నిలుస్తుంది. ఊరికే కాల్చి కొట్టిన పట్టీ ఒక్క సీజన్‌కే మళ్లీ కూర్చుంటుంది, లేదా లోడు మీద విరుగుతుంది. అదనపు పట్టీ వేయించడం మన వైపు ఎక్కువగా జరిగే పని. ఒక్క పట్టీతో ఒకటి, రెండు అంగుళాలు లేస్తుంది, కానీ కమాను గట్టిపడుతుంది. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది. తక్కువ లోడుతో వెళ్లినప్పుడు ఆ కుదుపంతా సరుకు మీద పడుతుంది. టమోటా, మామిడి, అరటి వేసుకెళ్లే రైతు ఇది గుర్తుంచుకోవాలి. అడుగు ట్రేల్లో కాయ నలిగితే కోత పడేది మన ధరలోనే.

యాక్సిల్‌కు, కమానుకు మధ్య ఇనుప దిమ్మ పెట్టి పొడుగు యూ బోల్టులు బిగించడం మరో పద్ధతి. వెనుక వైపు, ఒకే దిమ్మతో, కొత్త యూ బోల్టులతో అయితే పరవాలేదు. దిమ్మ మీద దిమ్మ ఎప్పుడూ పెట్టించకండి. స్టీరింగ్ ఉండే ముందు యాక్సిల్‌కు దిమ్మ మాటే వద్దు. ఏ పద్ధతైనా ఒక వారం లోడు తోలాక యూ బోల్టులు మళ్లీ బిగించుకోవాలి, అలైన్‌మెంట్ చూపించుకోవాలి.

మెకానిక్కులు తరచూ చెప్పని సంగతి ఒకటుంది. కొన్ని బండ్లలో ఛాసిస్‌కు, వెనుక యాక్సిల్‌కు మధ్య ఒక కడ్డీ, దానికి కలిపి బ్రేకు వాల్వు ఉంటాయి. లోడు పడి బండి కిందికి దిగితే వెనుక బ్రేకులకు ఎక్కువ బలం, ఖాళీగా పైకి లేస్తే తక్కువ బలం పంపడం దాని పని. బండి నాలుగు అంగుళాలు లేపి ఆ కడ్డీని సరిచేయకపోతే టన్ను ధాన్యం వేసినా బండి ఖాళీగానే ఉందని ఆ వాల్వు లెక్కపెడుతుంది. కాలువ వంతెన దిగేటప్పుడు వెనుక బ్రేకు సరిగా పట్టదు. బ్రేకు రబ్బరు పైపులు సాగి బిగుసుకోవడం, ప్రొపెల్లర్ షాఫ్టు వాలు మారి జాయింట్ క్రాసులు త్వరగా అరగడం కూడా లేపిన బండికి వచ్చే జబ్బులే. అందుకే మా సలహా ఇది: పోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోండి. తప్పదనుకుంటే ఆపైన ఒక అంగుళం. నాలుగు అంగుళాల మాట మరిచిపోండి.

లోడు సంగతి నిజాయితీగా మాట్లాడుకుందాం. కమాన్లు ఎక్కించేవారిలో చాలామంది కోరేది ఎత్తు ఒక్కటే కాదు, ఇంకో పది బస్తాలు. పట్టీ వేస్తే కమాను వంగదు, నిజమే. బ్రేకులు, యాక్సిల్, బేరింగులు, టైర్లు మాత్రం పాతవే. ఆర్.సి.లో బండి మొత్తం బరువు 2,950 కిలోలు, ఖాళీ బరువు 1,700 అని ఉందనుకుందాం. తేడా 1,250. డ్రైవరు, మీరు కలిసి 130 కిలోలు పోతే మిగిలేది 1,120. 75 కిలోల ధాన్యం బస్తాలైతే 14. అక్కడ 25 బస్తాలు వేస్తే 750 కిలోలకు పైగా అదనం. దానికితోడు బండి లేపాం కాబట్టి ఆ బరువంతా ఇంకా ఎత్తులో కూర్చుంటుంది. డొంక మలుపులో ఒక చక్రం గాడిలో దిగితే బండి పక్కకు ఒరగడానికి అది చాలు.

రైతు అత్యాశకు పోయి అదనపు లోడు వేయడం లేదని మాకు తెలుసు. రెండో ట్రిప్పు డీజిల్ ఖర్చు సరుకు ధరలో రావడం లేదు కాబట్టి వేస్తున్నాడు. కానీ చట్టం ఆ లెక్క చూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అదనపు లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000, సరుకు దించే ఖర్చు వేరే. తయారీదారు ఇచ్చిన కొలతలకు, ఆర్.సి. వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అదే చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖరారు చేసింది. అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అరిగిన కమాన్ల స్థానంలో అవే కొలతల కమాన్లు వేసుకుంటే ఈ పేచీ లేదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చూపించాలి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ సర్వేయరు మొదట వెతికేది ఇలాంటి మార్పుల కోసమే.

బీమా మాట వచ్చింది కాబట్టి అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పాలి. మిరప కోతలకు, పత్తి తీతలకు, నాట్లకు ఇవే బండ్లలో కూలీలను నిలబెట్టి తీసుకెళ్తున్నాం. ప్రతి సీజన్‌లో ఎక్కడో ఒకచోట అలాంటి బండి బోల్తా పడిందన్న వార్త చదువుతున్నాం. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. 1994 సవరణ తర్వాత సరుకు బండిలో సరుకు యజమానికి, అతని ప్రతినిధికి బీమా వర్తిస్తుంది. ఊరికే ఎక్కించుకున్నవారికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆ కుటుంబాలకు పరిహారం చెల్లించాల్సిన భారం బండి యజమాని మీద, మనలాంటి మరో రైతు మీద పడుతుంది. పోయిన ప్రాణానికి ఎంత ఇచ్చినా సరిపోదు. లేపిన బండిలో మనుషులను ఎక్కించవద్దు. సంఘ సభ్యులందరికీ ఇది మా గట్టి విన్నపం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బండిని ఎందుకు లేపాల్సి వస్తోంది? ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదాన ప్రాంతాల్లో 500 జనాభా దాటిన ఆవాసాలకు, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250 దాటినవాటికి అన్ని కాలాల్లో పనికొచ్చే రోడ్డు వేయడం దాని లక్ష్యం. మంచిదే. కానీ ఆ రోడ్డు ఊరి దాకా వచ్చి ఆగుతుంది. పంట పుట్టేది ఊళ్లో కాదు, చేలో. చేను నుంచి ఊరి దాకా ఉన్న దారిని కొన్ని జిల్లాల్లో డొంక అంటారు, గోదావరి వైపు పుంత అంటారు, తెలంగాణలో బండ్ల బాట అంటారు. పేరు ఏదైనా పరిస్థితి ఒకటే. నల్లరేగడిలో రెండు వానలు పడితే మనిషి నడవలేడు. ఆ దారి బాగుచేయాల్సిన ఖర్చును ఒక్కో రైతు తన బండి కమాన్ల మీద, జాయింట్ల మీద, టైర్ల మీద విడివిడిగా పెడుతున్నాడు. ఒక డొంక మీద తిరిగే పాతిక బండ్ల రిపేరు బిల్లులు ఒకచోట పెట్టి కూడి చూడండి. ఆ డబ్బుతో ఎన్ని ట్రిప్పుల గ్రావెల్ పడేదో మీకే తెలుస్తుంది.

మన తప్పూ కొంత ఉంది. ఏటా ఒక్కో సాలు లోపలికి దున్ని డొంకను సన్నం చేసింది మనమే. దమ్ము చేసి వచ్చే ట్రాక్టర్‌ను కేజ్ వీల్స్‌తోనే రోడ్డు ఎక్కించేదీ మనమే. పక్క కాలువ పూడ్చి నీరు దారి మీదికి వదిలేదీ మనమే. నీరు నిలిచిన దారికి ఎంత మట్టి పోసినా నిలవదు. ఈ మాటలు చేదుగా ఉన్నా ముందు మనలో మనం అనుకోవాలి. అప్పుడే అధికారుల ముందు గొంతు పెంచి అడగగలం.

అందువల్ల ప్రతి గ్రామ శాఖ ఈ రెండు నెలల్లో ఒక పని చేపట్టాలని కోరుతున్నాం. గ్రామ నక్షా తీసుకుని ఊరి డొంకలన్నీ నడిచి చూడండి. వెడల్పు నక్షాలో ఎంత, నేల మీద ఎంత, తూములు ఎక్కడ కావాలి, నీరు ఎక్కడ నిలుస్తోంది అన్నది రాసుకోండి. ఆ దారి ఎన్ని ఎకరాలకు, ఎన్ని కుటుంబాలకు ఆధారమో లెక్కకట్టండి. ఆక్రమణలున్న చోట ముందు ఆ రైతుతో కూర్చుని మాట్లాడండి. కుదరకపోతే కొలతల కోసం తహసీల్దారుకు దరఖాస్తు ఇవ్వండి. ఆ జాబితాను గ్రామ సభలో పెట్టి తీర్మానం చేయించండి.

పాలకులను మనం అడగాల్సింది స్పష్టం. 1966 నాటి మార్కెట్ల చట్టం కింద వసూలయ్యే మార్కెట్ ఫీజు కొనేవారు కట్టాలని ఉంది. చివరికి అది తగ్గేది రైతు ధరలోనే. ఆ ఆదాయంలో పొలం దారులకు కచ్చితమైన వాటా కేటాయించాలి. గ్రామీణ ఉపాధి పనుల్లో డొంకల మట్టి పని, పక్క కాలువలు, తూములకు ప్రాధాన్యం ఇవ్వాలి. నల్లరేగడి ప్రాంతాల్లో మట్టితో సరిపెట్టకుండా గ్రావెల్, మొరం వేయాలి.

ఆ సభ్యుడి ప్రశ్నకు మా జవాబు ఇదీ: కూర్చున్న కమాన్లను బాగుచేయించుకో తమ్ముడూ, బ్రేకులు చూపించుకో, నాలుగు అంగుళాలు లేపించవద్దు. ఆ మిగిలిన ఎత్తు డొంకకు రావాలి. దానికి ఒక్క బండివాడి సొమ్ము చాలదు. ఆ దారిన తిరిగే పాతికమందీ కలిసి గ్రామ సభకు రావాలి.