ముఖం ముంచితే మరో లోకం!

కళ్లకో అద్దం, నోట్లో ఓ గొట్టం, కాళ్లకు రబ్బరు రెక్కలు... ఇవి తగిలించుకుని నీటిమీద బోర్లా తేలుతూ అడుగునున్న చేపల్నీ పగడాల్నీ చూడటమే స్నార్కెలింగ్. గుమ్మం ముందే సముద్రమున్న ఉద్దానం వాళ్లు దానికోసం అండమాన్ దాకా వెళ్లాలా? బారువలోనో భావనపాడులోనో దిగితే సరిపోదా?

సరిపోదు. మన తీరం ఏ చాటూ లేకుండా నేరుగా బంగాళాఖాతానికి ఎదురుగా ఉంటుంది. కెరటం ఒడ్డున విరిగి అడుగు ఇసుకంతా లేపుతుంది. పైగా బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార తెచ్చి కలిపే ఒండ్రు. ఆ కలక నీటిలో చేపలేం కనిపిస్తాయి? పగడాలకు ఎండ తగలాలి, ఒండ్రు పేరుకుంటే బతకవు. అంతకన్నా ముఖ్యం... వెనక్కి మళ్లే నీరు మనిషిని లోపలికి లాగేస్తుంది. బారువ దగ్గర మునిగిన పాత ఓడ సంగతా? అది సిలిండరు కట్టుకుని దిగే స్కూబా డైవర్ల పని. పిల్లలకు అద్దం, గొట్టం కొనిచ్చి ఇక్కడి కెరటాల్లోకి మాత్రం పంపకండి.

అండమాన్ మనకు కొత్త చోటేం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ప్రతి వందమందిలో పదముగ్గురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం జిల్లా నుంచి వలసవెళ్లిన కుటుంబాలూ చాలానే ఉన్నాయి. పలాసలో రైలెక్కితే విశాఖ. అక్కణ్నుంచి అప్పుడప్పుడూ నడిచే ఓడలో దాదాపు మూడు రోజులు. తొందరున్న వాళ్లకు చెన్నై, కోల్‌కతాల నుంచి విమానాలున్నాయి. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురంగా మారింది. టికెట్లు తీసేటప్పుడు గుర్తుంచుకోండి.

మంచి చోటుకు నాలుగు గుర్తులు. అడుగున రాయో పగడమో ఉండాలి. ఉత్త ఇసుకైతే చేపలు తక్కువ. గాలి వీచే వైపు కాకుండా దీవికి చాటు వైపు ఉండాలి. ఒడ్డు నుంచి మెల్లగా లోతవ్వాలి. నది మొగలకూ మడ అడవుల కాలువలకూ దూరంగా ఉండాలి. అక్కడ నీరు కలక, మొసళ్ల భయం కూడా!

ఈ లెక్కకు సరిపోయేవి... స్వరాజ్ ద్వీప్‌లో ఎలిఫెంట్ బీచ్, షహీద్ ద్వీప్‌లో భరత్‌పూర్ బీచ్. పాత పేర్లు హేవ్‌లాక్, నీల్. వండూరు నుంచి పడవలో వెళ్లే జాలీబోయ్ మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోది. ఇది ఏడాది పొడుగునా తెరిచి ఉండదు. వానాకాలంలో దీని బదులు రెడ్‌స్కిన్ దీవికి తీసుకెళ్తారు. అనుమతి ముందే తీసుకోవాలి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం ప్రశాంతం. ఉదయం పూట వెళ్లండి. పోటు, పాటు వేళలు ముందే అడగండి. భరత్‌పూర్‌లో పాటు సమయంలో పగడాలు నీటిపైకి తేలిపోతాయి, ఈదడానికి నీరే ఉండదు.

అద్దం సరిపోయిందో లేదో చూడటం తేలిక. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. ఊడిపడకుండా నిలిస్తే సరైన కొలతే. గాలి నోటితోనే తీసుకోవాలి. ముందు మోకాటిలోతు నీళ్లలో సాధన చేయండి. ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్, పక్కన గైడు తప్పనిసరి. వీపు ఎండకు కమిలిపోకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

ఇక పగడాల మీద నిలబడకండి. కొన్ని జాతులు ఏడాదికి సెంటీమీటరైనా పెరగవు. అడుగు వేస్తే ఏళ్ల పెరుగుదల ఒక్క క్షణంలో పొడి! 2010లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు పెద్దఎత్తున పాలిపోయాయి. మిగిలినవి మన పిల్లల పిల్లలూ చూడాలి. ఒడ్డున ఎండిన పగడం ముక్క దొరికినా ఇంటికి తేకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. చూసిన జ్ఞాపకాలు తెచ్చుకోండి, వాటికి ఏ తనిఖీ ఉండదు!