కడుపులో కాలువలు

ఈ నెల మన ఆరోగ్య శీర్షికలో జీర్ణ అవయవాలను గురించి, ముఖ్యంగా వాటికి రక్తం ఏ దారిన వస్తుందో, ఏ దారిన తిరిగి పోతుందో చెప్పుకుందాం. తిన్న అన్నం ఎలా అరుగుతుందో మనలో చాలామందిమి బడిలో చదువుకున్నాం. గాని ప్రేగులకు వచ్చిపోయే రక్తం సంగతి అంతగా పట్టించుకోము. అది తెలియక పోవడం వలన ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఒకరు రక్తం కక్కుకుంటే, "ఎండకు వేడి చేసింది" అని మజ్జిగ పట్టించి పడుకోబెట్టే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. రెంటచింతల లాంటి ఎండల ఊళ్ళున్న మన పల్నాడులో ఆ మాట నమ్మడం తేలిక. కాని అది వేడి కాదు. అదేమిటో తెలుసుకుందాం.

అన్నం వెళ్ళే దారి

నోటిలో నమిలిన ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న ఆహారవాహిక గుండా జీర్ణాశయంలోకి దిగుతుంది. అక్కడ ఆమ్లంలో నాని, చిలికినట్లయి, కొంచెం కొంచెంగా చిన్నప్రేగులోకి జారుతుంది. చిన్నప్రేగు పొడవు దాదాపు 6 మీటర్లు. దాని మొదటి భాగాన్ని ఆంత్రమూలం అంటారు. కాలేయం నుండి పైత్యరసము, క్లోమం నుండి క్లోమరసము అక్కడే వచ్చి కలుస్తాయి. అరిగిన ఆహారంలోని సారం చాలావరకు చిన్నప్రేగులోనే రక్తంలోకి చేరుతుంది. మిగిలినది సుమారు ఒకటిన్నర మీటర్ల పెద్దప్రేగులోకి పోయి, నీరు పీల్చబడి, మలంగా బయటికి వస్తుంది.

రక్తం వచ్చే దారి

నాగార్జునసాగర్ కుడి కాలువ క్రింద వ్యవసాయం చేసే వారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. ప్రధాన కాలువ నుండి మేజర్లు, మేజర్ల నుండి మైనర్లు, వాటి నుండి పిల్లకాలువలు చేలకు నీరు తెచ్చినట్లే, గుండె నుండి బయలుదేరిన బృహద్ధమని వెన్నెముక ముందుగా కడుపులోకి దిగి, జీర్ణ అవయవాల కోసం మూడు పెద్ద శాఖలను ఇస్తుంది.

మొదటిది సీలియాక్ ధమని. ఇది జీర్ణాశయానికి, కాలేయానికి, ప్లీహానికి, ఆంత్రమూలం పై భాగానికి రక్తం ఇస్తుంది. రెండవది పై మీసెంటరిక్ ధమని. చిన్నప్రేగులో మిగిలిన భాగమంతా, పెద్దప్రేగులో సగానికి పైగా దీని ఆయకట్టు. మూడవది క్రింది మీసెంటరిక్ ధమని. పెద్దప్రేగు చివరి భాగం దీనిది. క్లోమానికి మొదటి రెండు శాఖల నుండీ రక్తం అందుతుంది. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి పంపే సుమారు 5 లీటర్ల రక్తంలో దాదాపు నాలుగవ వంతు ఈ అవయవాలకే పోతుంది. భోజనం చేసిన తరువాత ఇంకా పెరుగుతుంది.

రక్తం తిరిగి పోయే దారి

అసలు విశేషం ఇక్కడ ఉన్నది. చేతుల నుండి, కాళ్ళ నుండి తిరిగి వచ్చే రక్తం నేరుగా గుండెకు చేరుతుంది. జీర్ణాశయం, ప్రేగులు, క్లోమం, ప్లీహం నుండి వచ్చే రక్తం అలా పోదు. అదంతా నిర్వాహక సిర అనే ఒక్క పెద్ద సిరలో కలిసి, ముందుగా కాలేయానికి వెళుతుంది. ఈ సిర పొడవు సుమారు 8 సెంటీమీటర్లే. కాలేయానికి చేరే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు దీని ద్వారానే వస్తుంది.

చేల నీరంతా ఒక చెరువులో పడి, అక్కడ తేరుకొని, తూము గుండా బయటికి పోయినట్లు ఊహించండి. ఆ చెరువే కాలేయం. కొవ్వు పదార్థాలు చాలావరకు శోషరస నాళాల గుండా వేరే దారిన పోతాయి. అవి కాక, ప్రేగుల నుండి రక్తంలో కలిసేదేదైనా, అన్నం సారమైనా, మందు బిళ్ళ అయినా, పసరు అయినా, సారా అయినా, మొదట కాలేయం గడప తొక్కవలసిందే.

చెరువు పూడితే

ఏళ్ళ తరబడి రోజూ త్రాగేవారి కాలేయంలో మొదట కొవ్వు పేరుకుంటుంది. ఆ దశలో మానివేస్తే కాలేయం చాలావరకు తిరిగి కోలుకుంటుంది. మానకపోతే కొందరిలో అది గాయపడి, మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీనినే సిర్రోసిస్ అంటారు. హెపటైటిస్ బి, సి వైరస్‌ల వలన, మధుమేహం, స్థూలకాయం ఉన్నవారిలో కొవ్వు పట్టిన కాలేయం వలన కూడా ఇది రావచ్చు. కాబట్టి ఈ జబ్బు వచ్చిన ప్రతివారినీ త్రాగుబోతు అనుకోవడం అన్యాయం.

గట్టిపడిన కాలేయంలోకి రక్తం పారదు. పూడిన చెరువు నుండి నీరు వెనక్కి ఎగదన్నినట్లు, నిర్వాహక సిరలో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు రక్తం ప్రక్కదారులు వెదుకుతుంది. అలాంటి ఒక దారి ఆహారవాహిక అడుగున ఉన్న సన్నని సిరలు. అంత రక్తం మోయడానికి అవి ఏర్పడినవి కావు. అవి ఉబ్బి, ఒకనాడు గండి పడతాయి. నొప్పి ఉండకపోవచ్చు. ఉన్నట్టుండి మనిషి గిన్నెడు రక్తం కక్కుకుంటాడు.

రక్తం పడడానికి మరొక దారి కూడా ఉన్నది. అది ధమని వైపు నుండి. జీర్ణాశయంలో గాని ఆంత్రమూలంలో గాని పుండు పడి, అది లోతై, గోడలోని లేదా గోడ వెనుకనున్న ధమనిని తొలిస్తే తీవ్రంగా రక్తం పోతుంది. ఈ పుండ్లకు మన పల్నాటి మిరపకాయ కారణమని చాలామంది నమ్మకం. కారం మంట పుట్టిస్తుంది నిజమే, కాని పుండ్లకు ముఖ్య కారణాలు రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. దీనిని 1982లో ఆస్ట్రేలియాలో గుర్తించిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండవది నొప్పుల బిళ్ళలు. మిరప కోతల్లో రోజంతా నడుము వంచి పనిచేసిన తల్లి, సాయంత్రం దుకాణంలో చీటీ లేకుండా కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి జీర్ణాశయపు రక్షణ పొరను బలహీనపరుస్తాయి. కూరలో కారాన్ని తప్పుపట్టి, కొంగున కట్టుకున్న బిళ్ళలను వదిలేస్తున్నాం!

ఇంటివారు చేయవలసినవి

1. రక్తం కక్కినా, వాంతి కాఫీ పొడిలా నల్లగా ఉన్నా, విరేచనం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో అయినా అది అత్యవసరమే. ఇనుము బిళ్ళలు వాడే గర్భిణులకు కూడా మలం నల్లబడుతుంది, దానికి భయపడనక్కరలేదు. అయితే తారులా జిగటగా ఉండి, కళ్ళు తిరుగుతుంటే ఆలస్యం చేయవద్దు.

2. వెంటనే 108కి ఫోను చేయండి. నోటి ద్వారా ఏమీ ఇవ్వవద్దు, మజ్జిగ కూడా. రక్తం ఊపిరితిత్తుల్లోకి పోకుండా ప్రక్కకు తిప్పి పడుకోబెట్టండి. మాచర్ల నుండి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లకు పైనే ఉన్నది. అందుచేత "తెల్లవారాక చూద్దాం" అనే మాట అనవద్దు. ఉబ్బిన సిరలకు ఎండోస్కోపీ ద్వారా రబ్బరు బ్యాండు వేసి, పుండ్లకు కూడా ఎండోస్కోపీతోనే రక్తం ఆపే చికిత్సలు నేడు ఉన్నాయి. కాని మనిషి ప్రాణంతో అక్కడికి చేరాలి.

3. కళ్ళు పచ్చబడితే పసర్లతోను, వాతలతోను కాలం గడపవద్దు. ముందు రక్త పరీక్ష చేయించండి.

4. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపు హెపటైటిస్ బి టీకా వేయించండి.

5. ఎక్కువ కాలం త్రాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. కనుక వైద్యుని సహాయంతో మాన్పించండి.

మరొక మాట. పౌలు తిమోతికి కడుపు జబ్బు నిమిత్తం కొంచెం ద్రాక్షారసము పుచ్చుకొమ్మని వ్రాసిన సంగతి మన ఇళ్ళల్లో కొందరు తరచు గుర్తుచేస్తుంటారు. అది ఒక రోగికి, "కొంచెము" అని కొలత చెప్పి వ్రాసిన మాట. కాలేయం చెడినవారికి నేటి వైద్యులు చెప్పేది ఒక్కటే, చుక్క కూడా వద్దని. సారా అయినా, ఖరీదైన సీసా అయినా కాలేయానికి తేడా తెలియదు. రెండింటిలో ఉన్నది ఒకే ఆల్కహాలు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చెలరేగిన స్త్రీల సారా వ్యతిరేక ఉద్యమాన్ని పెద్దవారు మరచిపోలేదు. దాని ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో అది సడలిపోయింది. చట్టం వచ్చింది, పోయింది. కాని నిర్వాహక సిర మారలేదు. త్రాగిన ప్రతి గుక్క నేటికీ కాలేయం గుమ్మానికే పోతున్నది. ఆ గుమ్మం దగ్గర కాపలా కాయవలసింది ముందు త్రాగే మనిషే, తరువాత అతని ఇల్లు. నాన్నగారికి గాని, అన్నయ్యకు గాని కాళ్ళకు నీరు, పొట్ట ఉబ్బు, కళ్ళ పసుపు కనబడితే, రక్తం కక్కేదాకా ఆగకండి. ఈ వారమే ఆసుపత్రికి వెంటబెట్టుకొని వెళ్ళండి.