ఆకు తిప్పి చూడండి

బీరపాదుకు తెగులు పట్టిందనగానే దుకాణదారు చేతికందిన మందు అప్పుకింద అంటగడతాడు. ఏ తెగులని అడగడు. మునిగేది కౌలు రైతు, ఆ విషం పీల్చేది కూలీ.

ఆకుపై తెల్లని పొడి చల్లినట్టుంటే అది బూడిద తెగులు. ఆకుపైన ఈనెల మధ్య పసుపు మచ్చలు, వేకువన ఆకు అడుగున ఊదారంగు బూజు కనబడితే అది బూజు తెగులు. బూడిదకు కొట్టే గంధకం బూజును ఆపలేదు. పైగా మండుటెండలో కొడితే ఆకులే మాడిపోతాయి.

బూజు తెగులుకు తడే ప్రాణం. పందిరి కింద గాలాడనివ్వాలి. సాయంత్రం ఆకులు తడపరాదు. తెగులు ఆకులు ఏరి తగలబెట్టాలి. మచ్చ కనబడగానే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టాలి.

మందు కొట్టేవారికి రక్షణ దుస్తులుండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలే చెప్పాయి. ముక్కుకు చుట్టిన తలగుడ్డ రక్షణ కాదు. ఆ ఖర్చు కౌలు రైతు నెత్తిన రుద్దకుండా ప్రభుత్వమే భరించాలని మేము డిమాండ్ చేస్తున్నాము. రైతులారా, బిల్లు లేనిదే మందు కొనకండి! కూలీలారా, తొడుగులివ్వనిదే పంపు భుజానికెత్తకండి!