కాతిబుగారి కలం

పాత హిందీ సినిమాలు చూసే అలవాటుందా మీకు? ఉంటే టైటిల్స్ గుర్తు తెచ్చుకోండి. సినిమా పేరు ఇంగ్లీషులో, హిందీలో, ఆ తర్వాత ఉర్దూలోనూ పడేది. అలా ఉర్దూని ముత్యాల్లా చేత్తో రాసేవాళ్ళని కాతిబులంటారు. ఓ కాతిబుగారిని చూద్దామని మొన్న పాతబస్తీ వెళ్ళాను.

ఛత్తాబజారంటే పెళ్ళికార్డుల బజారు. ప్రెస్సులు బోలెడున్నాయి. కాతిబుల్ని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు!

"పేపరు మొత్తం చేత్తో రాసేవాళ్ళమంటే నమ్ముతావా బాబూ?" అన్నాడు పెద్దాయన, కలం చెక్కుకుంటూ.

నమ్మక తప్పదు. ఉర్దూ రాసే నస్తాలిక్ లిపి ఏటవాలుగా జారుతుంది. పక్కనెవరున్నారో చూసి ప్రతి అక్షరమూ రూపు మార్చేస్తుంది. సీసపు అచ్చులకి ఓ పట్టాన లొంగలేదు. అందుకే తెలుగు పేపర్లకి కంపోజిటర్లు అక్షరాలు పేరుస్తున్న రోజుల్లో, ఉర్దూ పేపర్లకి కాతిబులే దిక్కు. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ దాదాపు 20 వేల అక్షరాల గుత్తులు రాసి యంత్రానికెక్కించారు. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. అంతే! తమాషా ఏమిటంటే, యంత్రానికి ఆ విద్య నేర్పిందీ ఓ కాతిబు చెయ్యే.

"పేపరు పని పోతే పోయింది, గొడ్డుచాకిరీ! పెళ్ళికార్డు మీద పేర్లూ, గోడమీద రాతలూ... కళ మీకే మిగిలిందిగా?" అన్నాను తెలివిగా.

పెద్దాయన నవ్వాడు. "ఆ చాకిరీయే అన్నం పెట్టింది బాబూ. చెయ్యి తిరిగిందీ దానితోనే. కాలాలకి కాలాలు రాస్తేగానీ ఒక్క 'నూన్' వంపు కుదిరేది కాదు. ఇప్పుడో కుర్రాడొస్తే ఏం రాయమని కూర్చోబెట్టను?"

నా నోరు మూతపడింది. చిల్లరపని యంత్రం చేసేస్తే కళ మనకి మిగుల్తుందనుకుంటాం. కానీ ఆ చిల్లరపనే కదండీ కళకి బడి!

2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. కంప్యూటరు తమ రాతని లాక్కుంటుందన్న భయం అందులో ఒకటి. అంతదూరమెందుకు? నేను రాయడం నేర్చుకున్నది 'ఈవారం విడుదలలు' రాసి రాసి. ఆ పని కంప్యూటరిప్పుడు క్షణంలో చేస్తుంది. రేపటి కుర్రాడు ఓనమాలెక్కడ దిద్దుకుంటాడు?

వచ్చేస్తుంటే ఓ చీటీమీద నా పేరు రాసిచ్చాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

"నీ పెళ్ళికార్డు నాచేత రాయించు. కాస్త త్వరగా..." అన్నాడు.

ముప్పై దాటిన బ్రహ్మచారిని. ఆయన చెయ్యి వణక్కముందే తొందరపడాలి!